ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులు

ఒక మనుష్యుని జీవితమునకు లెక్క రెండు విధములుగా కట్టవచ్చును. ఆతడు ఆర్జించిన ధనమెంత, పొందిన పదవులెన్ని, వానిని అనుభవించిన కాలమెంత యని చూచుట ఒక విధము. ఆతడు గతించిన పిమ్మట ఊరిలో, పొలములో, జనుల బ్రతుకులో ఏమి నిలిచినదని చూచుట రెండవ విధము. టంగుటూరి ప్రకాశం పంతులుగారి జీవితమును మొదటి విధమున లెక్కకట్టినవారికి చివర సున్న మాత్రమే కనిపించును. వారు లక్షలు గడించి నిర్ధనులై కన్నుమూసిరి. రెండు పర్యాయములు ముఖ్యమంత్రులైరి. ఆ రెండును కలిపినను రమారమి రెండు సంవత్సరములే ఆ పీఠమున నుండిరి. అట్టివారి పేరు పల్లెపల్లెలో నేటికిని వినబడుటకు కారణము రెండవ లెక్కలో నున్నది.

ప్రకాశం పంతులుగారు 1872వ సంవత్సరము ఆగస్టు 23వ తేదీన ఒంగోలు సీమలోని వినోదరాయునిపాలెమను పల్లెలో జన్మించిరి. తండ్రి గోపాలకృష్ణయ్య, తల్లి సుబ్బమ్మ. బాలునకు పదునొకండవయేట తండ్రి గతించెను. సుబ్బమ్మగారు బిడ్డలను వెంటబెట్టుకొని ఒంగోలు చేరి, పూటకూళ్ల యిల్లు నడపి వారిని పోషించిరి. ఆ కాలమున పూటకూళ్ల వృత్తిని లోకులు చిన్నచూపు చూచెడివారు. చుట్టములు ఏమందురో యని ఆ యిల్లాలు వెనుదీయలేదు. పరులకు వండి వడ్డించి, ఆ వచ్చిన కాసులతో కుమారుని బడికి పంపిరి. ఒక పరీక్షకు మూడు రూపాయల రుసుము కట్టవలసివచ్చెను. ఆ మూడు రూపాయలును ఎచ్చటను పుట్టలేదు. అప్పుడా తల్లి తన పట్టుచీరను కుదువబెట్టి ఆ సొమ్ము తెచ్చియిచ్చెను. పిమ్మట ఆ కుమారుడు వేలకు వేలు ఒక్కొక్క వ్యాజ్యములో గడించినను, ఆ మూడు రూపాయలకంటె విలువగల ధనము ఆయన చేతికి మరల రాలేదనవచ్చును.

పేదరికమునుండి రాజ్యాధికారమునకు ఎదిగినవారు అన్ని దేశములందును కలరు. పంతులుగారు పుట్టిన 1872వ సంవత్సరముననే, సరిగా అంతకు ముందు నెలలో, అమెరికా ఖండమునందలి మెక్సికో దేశాధ్యక్షుడైన బెనీతో హువారెజ్ అను మహాపురుషుడు మరణించెను. ఆయనయు మూడేండ్ల ప్రాయమున తల్లిదండ్రులను గోల్పోయిన పల్లెటూరి బాలుడే; న్యాయశాస్త్రము చదివి, న్యాయవాదియై, పిదప దేశమునకు అధ్యక్షుడయ్యెను. ఒకరినొకరు ఎరుగని ఈ యిరువురి జీవితములలో గల పోలిక గమనింపదగినది. చట్టము నెరిగిన పేదవాడు అధికారమునకు వచ్చినచో, ఆ చట్టము ఎవరికి మేలు చేయుచున్నదో ముందుగా చూచును. పంతులుగారి విషయమున ఈ మాట ఎట్లు నిజమైనదో ముందు తెలియగలదు.

ఒంగోలు బడిలో ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారను ఉపాధ్యాయుడుండెడివారు. ఆయన ఈ చురుకైన పిల్లవానియం దభిమానము పెంచుకొని, తాను రాజమహేంద్రవరమునకు వెళ్లునపుడు వెంటబెట్టుకొనిపోయి చదివించిరి. ఆ గురువు తోడు లేకున్నచో ఆ బాలుడు ఒంగోలు వీధులలోనే మిగిలిపోయెడివాడేమో. రాజమహేంద్రవరమున నున్నప్పుడు ప్రకాశం చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి నాటకములలో వేషములు కట్టెను. అల్లరిలోను ముందే యుండెను. మెట్రిక్యులేషను పరీక్షలో ఒకమారు తప్పెను. అయినను ప్లీడరు కావలెనను పట్టుదల విడువలేదు. చెన్నపట్టణము వెళ్లి రెండవ తరగతి ప్లీడరు పరీక్షయం దుత్తీర్ణుడై, మరలివచ్చి రాజమహేంద్రవరమున వృత్తి ప్రారంభించి త్వరలోనే పేరును ధనమును గడించెను. ఆ పురపాలక సంఘమునకు అధ్యక్షుడుగా ఎన్నికయ్యెను. పూటకూళ్లమ్మ కుమారుడు పట్టణమునకు పెద్ద యగుట ఆనాటి వారికి వింతగా తోచియుండును.

రెండవ తరగతి ప్లీడరునకు హైకోర్టులో వాదించు నధికారము లేదు. ఆ కొరత తీర్చుకొనుటకై 1904వ సంవత్సరమున పంతులుగారు ఇంగ్లాండు వెళ్లి, బారిష్టరు పరీక్షయందు నెగ్గి, 1907లో తిరిగివచ్చి చెన్నపట్టణమున హైకోర్టులో ప్రవేశించిరి. ఆ రోజులలో ఆ న్యాయస్థానమున పేరుమోసిన బారిష్టరులలో తెలుగువారు మిక్కిలి తక్కువ. పంతులుగారు కొలది కాలముననే వారిలో ముందు వరుసకు చేరిరి. న్యాయశాస్త్ర పత్రిక యొకటి నడపిరి. 1911లో తిరునల్వేలి కలెక్టరు ఆష్ దొరను కాల్చిచంపిన కేసులో ముద్దాయిల పక్షమున వాదించిన న్యాయవాదులలో వారొకరు. అంతకు పూర్వము 1907లో బిపినచంద్ర పాలుగారు చెన్నపట్టణమునకు వచ్చి ఉపన్యసించినపుడు, ప్రభుత్వమునకు భయపడి పెద్దలు వెనుకంజ వేయగా, పంతులుగారు ముందునకు వచ్చి సభకు అధ్యక్షత వహించిరి. ధనార్జనలో మునిగియున్న దినములలో సయితము ఆయనకు భయమన్నది తెలియదనుటకు ఇది గుర్తు.

1921వ సంవత్సరము ఆయన జీవితమును రెండుగా చీల్చినది. గాంధీ మహాత్ముని సహాయ నిరాకరణోద్యమము దేశమును కదలించుచుండ, పంతులుగారు నిండుగా పండిన చేనివంటి తమ వృత్తిని విడిచిపెట్టిరి. ఆ సంవత్సరముననే చెన్నపట్టణమున స్వరాజ్య యను దినపత్రికను స్థాపించిరి. మొదట ఇంగ్లీషులోను, పిదప తెలుగు, తమిళ భాషలలోను అది వెలువడెను. ఖాసా సుబ్బారావు, కోటంరాజు రామారావు వంటి సమర్థులైన పత్రికా రచయితలు అందు పనిచేసిరి. సర్కారువారి కోపమునకు వెరవని పత్రికకు ప్రకటనలు వచ్చుట కష్టము. జామీను సొమ్ము కట్టుమని ఆజ్ఞలు వచ్చుట సులభము. పత్రిక నడుచుటకు పంతులుగారి ఆస్తి కరగుచు వచ్చెను. హైకోర్టులో గడించిన లక్షలును, కట్టించిన ఇండ్లును ఆ పత్రిక అప్పులలో కలిసిపోయినవి. మలబారున మాప్లా తిరుగుబాటు జరిగినపుడు నిషేధము నతిక్రమించి ఆ ప్రాంతమున పర్యటించినందుకు, ఉదకమండలమునందలి వారి ఆస్తిని ప్రభుత్వము జప్తు చేసెను.

విశ్వజిద్యాగమున సర్వస్వమును దానము చేసిన రఘుమహారాజు, తన కడకు వచ్చిన కౌత్సునకు మట్టిపాత్రతో అర్ఘ్యమిచ్చిన కథ కావ్యము చదివినవారందరికిని తెలియును. పంతులుగారి చివరి ముప్పదియైదేండ్ల జీవితము ఆ మట్టిపాత్రను తలపించును. అయితే కౌత్సుని కొరకు రఘువు ఇంట కుబేరుడు బంగారు వాన కురిపించెను. పంతులుగారి యింట అట్టి వాన కురియలేదు. పత్రిక మూతపడెను; మరల తెరచిరి; మరల మూతపడెను. డబ్బు విషయమున ఆయనకు జాగ్రత్త తక్కువ యనియు, వాటాదారుల సొమ్మును అక్కరకు మించి వ్యయము చేసిరనియు ఆనాడే అన్నవారు కలరు. ఆ మాటలో కొంత నిజము లేకపోలేదు. కాని ఆయన తన కొరకు మిగుల్చుకొన్నది ఏమియు లేదన్నది కూడ నిజమే.

1928వ సంవత్సరము ఫిబ్రవరి 3వ తేదీన సైమను కమిషను భారతదేశమునకు వచ్చినపుడు దేశమంతటను హర్తాళము జరిగెను. చెన్నపట్టణమున హైకోర్టునకు సమీపమున పారీసు మూలకడ జనులు గుమిగూడిరి. పోలీసులు కాల్పులు జరుపగా ఒక యువకుడు నేలకొరగెను. ఆతని శవమును చూచుటకు ఎవరు వచ్చినను కాల్తుమని సిపాయిలు తుపాకులు ఎత్తి నిలిచిరి. అప్పటికి పంతులుగారికి ఏబదియైదేండ్ల వయస్సు. ఆయన ముందునకు నడచి, చొక్కా తొలగించి, రొమ్ము విరిచి తుపాకుల కెదురుగా నిలిచిరి. కాల్చుటకు చేతులు రాక సిపాయిలు త్రోవ విడిచిరి. ఆంధ్రకేసరి యను బిరుదు ఆ దినముతో జనుల నాలుకపై స్థిరపడినది. 1930లో ఉప్పు సత్యాగ్రహమునను ఆయన ముందు నడచి చెరసాలకు వెళ్లిరి.

పారీసు మూలలో జరిగిన సంఘటనము అందరికిని తెలిసినదే. దానికంటె నెమ్మదిగా, కచేరీ గదులలో, కాగితముల నడుమ జరిగిన మరియొక కార్యము కలదు. పల్లె రైతునకు దానివలన కలిగిన మేలు ఇంకను గొప్పది. 1937లో ఎన్నికలు జరిగి, మద్రాసు రాష్ట్రమున రాజగోపాలాచారిగారి మంత్రివర్గము ఏర్పడినపుడు, పంతులుగారు రెవిన్యూ మంత్రులైరి. వెంటనే జమీందారీ గ్రామముల స్థితిని విచారించుటకు ఒక సంఘము నియమింపబడెను. దానికి వారే అధ్యక్షులు.

ఆ విచారణ ఎందులకు కావలసివచ్చెనో తెలిసికొనుటకు కొంత వెనుకకు పోవలెను. 1802వ సంవత్సరపు శాశ్వత సెటిల్‌మెంటు ననుసరించి, కంపెనీవారు జమీందారులకు సన్నదులిచ్చి, వారు ఏటేట సర్కారునకు చెల్లింపవలసిన పేష్కషును శాశ్వతముగా నిర్ణయించిరి. జమీందారు చెల్లించు పేష్కషు నాటినుండి పెరుగలేదు. రైతు జమీందారునకు చెల్లించు శిస్తు మాత్రము తరతరమునకు పెరుగుచు వచ్చెను. చెరువు గట్టు తెగినచో కట్టించువారు లేరు. అయినను తరి శిస్తు తప్పదు. అడవిలో వంటచెరకునకు పోయినను, బీటిలో పశువులను మేపినను రుసుము అడిగెడివారు. 1908లో వచ్చిన ఎస్టేటు భూముల చట్టము రైతునకు సాగుహక్కును ఒప్పుకొన్నది. కాని శిస్తు న్యాయమైనదా కాదా యని తేల్చుకొనుటకు రైతు కోర్టులకు తిరుగవలసినదే. కోర్టులో వాయిదాలు గడచునంతలో ఎడ్లు, నగలు అమ్ముడుపోయెడివి.

ఆనాటి చిత్తూరు జిల్లాలో పుంగనూరు, కాళహస్తి, కార్వేటినగరము జమీందారీ సీమలుగా పేరుపొందినవి. అట్టి సీమలకు ప్రక్కనే సర్కారు రైత్వారీ గ్రామములుండెడివి. ఒక గ్రామపు రైతు సర్కారు పట్టా చేతబట్టుకొని, ఏటేట జమాబందీలో తన లెక్క చూపించుకొనెను. పొలిమేర దాటిన గ్రామపు రైతు జమీందారు కచేరీ వాకిట నిలిచి, దివాను మాటకు ఎదురుచూచెను. నేల ఒకటే, వాన ఒకటే, పండెడు రాగియు చెరకును ఒకటే. రైతు స్థితి మాత్రము వేరు.

పంతులుగారి సంఘము జమీందారీ ప్రాంతములలో తిరిగి, రైతులు చెప్పినదియు జమీందారులు చెప్పినదియు విని, సాక్ష్యములు వ్రాసికొనెను. అప్పటికే ఆచార్య రంగాగారు మొదలగువారి నాయకత్వమున రైతు సంఘములు బలపడి, జమీందారీ విధానమును తొలగింపవలెనని కోరుచుండినవి. చెన్నపట్టణమున గొప్ప వకీళ్లు జమీందారుల పక్షమున వాదించిరి. కాని అధ్యక్ష పీఠమున కూర్చున్నవారును హైకోర్టును ఏలిన బారిష్టరే. పాత రెగ్యులేషనులను, సన్నదులను, కంపెనీ కాలపు ఉత్తరువులను ఆయన ఒక్కొక్కటిగా తిరుగవేసిరి. 1938లో వెలువడిన ఆ నివేదికలో తేల్చిన విషయము మూడు ముక్కలలో చెప్పవచ్చును. నేలకు యజమాని దున్నుకొను రైతు. జమీందారు సర్కారునకు రావలసిన శిస్తును వసూలు చేయుటకు ఏర్పడినవాడు మాత్రమే. కావున 1802వ సంవత్సరమున ఉండిన శిస్తుకంటె ఎక్కువ అడుగుటకు ఆతనికి హక్కు లేదు. నీటివనరులు, అడవులు, పశువుల మేత మొదలైన విషయములలోను రైతుల కష్టములను సంఘమువారు పరిశీలించిరి.

ఆ నివేదికతో అందరును ఏకీభవింపలేదు. సంఘ సభ్యులలోనే భిన్నాభిప్రాయములుండెను. శాసనసభలో 1939లో చర్చ జరిగి ఆమోదము లభించినను, శాసనము కాకమునుపే యుద్ధము వచ్చెను. ఆ సంవత్సరపు శరత్కాలముననే కాంగ్రెసు మంత్రివర్గము రాజీనామా చేసెను. నివేదిక బీరువాలో చేరెను. నాటిన చెట్టు కాపునకు రాకముందే తోటమాలి తోట విడిచిపోవలసివచ్చెను.

కాని రైతే యజమాని యను మాట సర్కారు అచ్చు కాగితముపై ఒకమారు వ్రాయబడిన తరువాత, దానిని తుడిచివేయుట ఎవరి తరమును కాలేదు. 1947లో జమీందారీ గ్రామముల శిస్తులను తగ్గించు చట్టము వచ్చెను. 1948లో ఎస్టేటుల రద్దు చట్టము వచ్చెను. దాని ప్రకారము జమీందారీలు సర్కారునకు దఖలు పడినవి. జమీందారులకు నష్టపరిహార మేర్పడెను. సర్వేయరులు గొలుసులు పట్టుకొని పొలములు కొలిచిరి. రైతులకు రైత్వారీ పట్టాలు వచ్చినవి. ఆ రెండు చట్టములు వచ్చునప్పటికి పంతులుగారు అధికారమున లేరు. దున్నెడు కూలివానికి, కౌలుదారునకు ఈ చట్టముల వలన భూమి రాలేదన్నది కూడ ఒప్పుకొనవలెను. అయినను దివాను వాకిట నిలిచిన రైతు తన పేర పట్టా పుచ్చుకొని ఇంటికి వచ్చుట సామాన్యమైన మార్పు కాదు.

ఇక పంతులుగారి తక్కిన చరిత్రము. 1942లో క్విట్ ఇండియా ఉద్యమమున వారు నిర్బంధింపబడి, డెబ్బదియేండ్ల వయస్సున మూడు సంవత్సరములు చెరలో గడపిరి. 1945లో విడుదలయైన పిమ్మట రాష్ట్రమంతటను పర్యటించిరి. జనులు నిధులు సమర్పించిరి. ఆ సొమ్మును స్వంతమునకు తీసికొనుట తగదని గాంధీజీ ఆక్షేపించిరి. ఆయన మన్ననకు పాత్రులైనవారికి అది తేలికైన నింద కాదు. అయినను శాసనసభ్యులు పంతులుగారినే నాయకునిగా ఎన్నుకొనిరి. 1946 ఏప్రిలు 30వ తేదీన మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రులైరి. ఆ పదవిని ఆనాడు ప్రధానమంత్రి పదవి యనుచుండిరి. గ్రామములను ఫిర్కాలుగా జేసి అభివృద్ధి పరచు పథకమును ప్రారంభించిరి. కొత్త బట్టల మిల్లులకంటె రాట్నమునకు ప్రాధాన్య మియ్యవలెనని పట్టుబట్టిరి. ఆ పట్టుదల సహచరులలో పలువురకు నచ్చలేదు. ఎదుటివారిని మెల్లగా ఒప్పించుట పంతులుగారికి ఎన్నడును చేతనైన విద్య కాదు. పదునొకండు నెలలలో, 1947 మార్చిలో, తమ పక్షమువారి చేతనే ఆయన పదవి పోయెను.

1948లో నైజాము సంస్థానమున రజాకారుల దౌర్జన్యములు మిన్నుముట్టుచుండ, వెళ్లవలదని పెద్దలు వారించినను వినక, పంతులుగారు హైదరాబాదు వెళ్లి కాసిం రజ్వీ యెదుటనే కూర్చుండి మాటాడి వచ్చిరి. 1951లో కాంగ్రెసును విడిచి, కృపలానీగారితో కలిసి కిసాను మజ్దూరు ప్రజాపక్షమున చేరిరి. 1952 డిసెంబరు 15వ తేదీన పొట్టి శ్రీరాములుగారి ఆత్మార్పణముతో ఆంధ్రరాష్ట్ర నిర్మాణము తప్పనిసరి యయ్యెను. 1953 అక్టోబరు 1వ తేదీన ఆ రాష్ట్రము అవతరించినపుడు, ఎనుబదియొక్క యేండ్ల పంతులుగారు దానికి ప్రథమ ముఖ్యమంత్రులైరి.

రాయలసీమ వారు ఇచ్చట ఒక విషయము గుర్తుంచుకొనదగును. రాజధాని యెచ్చట నుండవలెనను తగవు వచ్చినపుడు, 1937నాటి శ్రీబాగు ఒడంబడికలో సీమవారికిచ్చిన మాట ముందునకు వచ్చెను. పంతులుగారు పుట్టినది సముద్రతీరమునందలి ఒంగోలు సీమ. అయినను కర్నూలునే రాజధానిగా చేసిరి. గుడారములలో కచేరీలు పెట్టి రాజ్యము నడపిరి. హైకోర్టు గుంటూరునకు పోయెను. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము 1954లో వెలసినది వారి ప్రభుత్వ కాలముననే. మన పల్లెలనుండి ఉన్నత విద్యకై చెన్నపట్టణమునకు పోవలసిన అవసరము తగ్గుటకు అదియే మొదలు. 1952లో పాత ఆనకట్ట తెగిన కృష్ణానదిపై విజయవాడకడ కొత్త బ్యారేజీ నిర్మాణమును 1954లో వారి కాలముననే ప్రారంభించిరి.

ఈ పర్యాయమును పదవి నిలువలేదు. కల్లు, సారాయముల నిషేధమును ఎత్తివేయవలెనని ఒక విచారణ సంఘము సూచించినను ప్రభుత్వము అంగీకరింపలేదు. మద్యనిషేధము మన చిత్తూరు జిల్లాకు 1938లోనే, పంతులుగారు మంత్రిగా నుండగనే వచ్చినది. దానిని విడుచుటకు వారు ఇష్టపడలేదు. 1954 నవంబరు 6వ తేదీన శాసనసభలో ఆ విషయముపై వచ్చిన అవిశ్వాస తీర్మానము ఒక్క వోటు ఆధిక్యముతో నెగ్గెను. పదుమూడు నెలల ప్రభుత్వము ఆ వోటుతో ముగిసినది.

పదవి పోయిన తరువాతను ఆ వృద్ధుడు ఇంట కూర్చుండలేదు. ఎండలలో పల్లెలు తిరుగుచు, ఒంగోలు ప్రాంతమున ఒక హరిజనవాడకు వెళ్లినపుడు వడదెబ్బ తగిలెను. హైదరాబాదు ఆసుపత్రిలో చికిత్స పొందుచు, 1957 మే 20వ తేదీన ఎనుబదినాలుగేండ్ల ప్రాయమున పరమపదించిరి. కృష్ణ బ్యారేజీ పని ముగిసినదియు ఆ సంవత్సరముననే; దానికి ప్రకాశం బ్యారేజీ యని పేరు పెట్టిరి. 1972లో, వారు పుట్టి నూరేండ్లు నిండిన సంవత్సరమున, ఒంగోలు జిల్లాకు ప్రకాశం జిల్లా యని నామకరణము చేసిరి. నా జీవిత యాత్ర యను వారి స్వీయచరిత్ర గ్రంథాలయములలో చదువరులకు లభించును. దాని చివరి భాగమును వారి అనుచరులు తెన్నేటి విశ్వనాథముగారు పూర్తిచేసిరి.

పంతులుగారియందు లోపములు కలవు. తొందరపాటు కలదు, ధనము విషయమున అజాగ్రత్త కలదు, తోడివారితో పొసగని మొండితనము కలదు. ఈ లోపముల వలన నష్టపడినవారిలో మొదటివాడు ఆయనయే. తుపాకుల కెదురు నిలిచిన రొమ్మును జనులు పాడుకొందురు, అది న్యాయమే. కాని రైతు తన బీరువాలోనో, దూలమునకు కట్టిన సంచిలోనో భద్రపరచుకొన్న పాత పట్టాను తీసి చూచినచో, అందు సర్వే నంబరుండును, విస్తీర్ణముండును, శిస్తుండును, తాతపేరుండును. ప్రకాశం పంతులుగారి పేరుండదు. మూడు రూపాయల పరీక్ష రుసుము కొరకు తల్లి పట్టుచీర కుదువబెట్టిన ఆ బాలుడు, తాను నేర్చిన చట్టమును ఎవరి పక్షమున వినియోగించెనో ఆ కాగితము చెప్పుచున్నది.